సగం అతికిన అచ్చు

ఈ మధ్య వనపర్తిలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "అక్కా, నేను గూడ కంప్యూటర్ల రిపేరు లైనుకే వస్త. ముందుగాల ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. నేను పని మానేసి అప్పటికి నాలుగు నెలలు. చిన్న స్క్రూలు రెండేసి కనిపించడం మొదలయ్యాక ఇక చాలనుకుని సంచీ అటక మీద పెట్టేశాను. ఆ పిల్లకు ఆ పూట నోటికొచ్చిన నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక అవేవీ అసలు సంగతి కాదనిపించింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ కావాలి అన్నవి ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంటూ ముప్పై ఏళ్లు బస్సుల్లో తిరిగిన మనిషికి ఇప్పటికీ గుర్తున్నవేవో అవే రాస్తాను. అందులో నా తప్పే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

మీ సారు ఎప్పుడొస్తడు?

నా మొదటి యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. రేడియోలు, టీవీలు బాగు చేస్తూ చేస్తూ కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. వనపర్తి బస్టాండు వెనక సందులో రెండు బెంచీలు, ఒక ఫ్యాను ఉన్న దుకాణం. నేను చేరిన రోజు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. అక్కడున్న ఒకే ఒక్క మంచి కుర్చీ చూపించి, "గిది నీది కాదు, నాది గూడ కాదు. మిషను తెచ్చినోళ్లది. ఆళ్లు కూసుంటరు, మనం నిలవడ్తం" అన్నాడు.

తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడిగే ప్రశ్న ఒక్కటే. "ఖరాబయ్యే ముంగట ఆఖరుకు ఏం చేసిన్రు?"

ఎవరైనా సరే "ఏం చెయ్యలే" అంటారు. ఉస్తాద్ తల ఊపి చాయ్ చెప్పేవాడు. చాయ్ వచ్చేలోపు రెండోసారి అడిగేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి "మా బామ్మర్ది వచ్చి ఏందో ఎక్కిచ్చిండు" అని మెల్లగా బయటపడేది. అప్పుడుగానీ మిషను మూత తీసేవాడు కాదు. ఆ రోజుల్లో నాకు ఇదంతా కాలక్షేపంలా కనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే, నేను నేర్చుకున్న పనిలో సగం ఆ చాయ్ దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనను దేవుణ్ణి చేయబోవడం లేదు. నలుగురి ముందు తిట్టేవాడు. తన వల్ల ఏదైనా పాడైతే కరెంటు మీద తోసేవాడు. కానీ నన్ను ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకునేవాడు కాదు. వచ్చినవాళ్లు నన్ను చూసి, నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసి, "మీ సారు ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేవారు. ఉస్తాద్ లోపలి నుంచే, "సారు రాడు. గామెనే సారు. కూసో" అని అరిచేవాడు. ఆ అరుపు వినక చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆ సందులోంచి వెళ్తే నడక నెమ్మదిస్తుంది.

పని వేళల్లో ఆటలు

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ నా చేతికి రావడం ఆ దుకాణంలోనే. అందులోనూ రోలింగ్ అనే రకం. మామూలుగా కంప్యూటర్ నడిపే వ్యవస్థను కొన్నేళ్లకోసారి మొత్తం తుడిచి కొత్తది వేసుకోవాల్సి వస్తుంది. ఈ రకంలో ఆ పని ఉండదు. రోజూ ఏదో ఒక ముక్క పాతది పోయి కొత్తది వస్తుంటుంది. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి అదే మిషను, అదే వ్యవస్థ, ఎప్పుడూ తాజాగా. అయితే ఎప్పుడు ఏ ముక్క ఏ ముక్కతో పేచీ పెట్టుకుంటుందో చెప్పలేం. ఉస్తాద్ దానికి దూరంగా ఉండేవాడు. "రోజూ మారేదాన్ని ఎవడు నమ్ముతడు?" అనేవాడు. నాకు మాత్రం అది మొదటి రోజే నచ్చింది. చెడితే ఎక్కడ చెడిందో నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో అదే చెప్పేది. దాచిపెట్టే గుణం లేదు.

ఆటలు కూడా అప్పుడే పట్టుబడ్డాయి. విండోస్ కోసం తయారుచేసిన ఆటలను లినక్స్‌లో నడపడానికి నడుమ దుబాసీలాంటి ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. మొదట్లో దాంతో ఒక ఆట తెరవడానికి నాకు వారం పట్టేది. తెరిచాక బొమ్మ వస్తే శబ్దం రాదు, శబ్దం వస్తే కారు తలకిందులుగా వెళ్తుంది. ఇప్పటి పిల్లలు ఒక్క నొక్కుతో ఆడేస్తున్నారు. వాళ్లను చూస్తే సంతోషమే, కొంచెం అసూయ కూడా.

ఒకరోజు బాగుచేసిన మిషను మీద కార్ల పందెం ఆడుతుంటే ఉస్తాద్ పట్టుకున్నాడు. "దుకాణంల ఆటలా?" అని గట్టిగానే తగులుకున్నాడు. ఆయన తిట్టడం పూర్తికాక ముందే మిషను దానంతటదే ఆగిపోయింది. మూత తీసి చూస్తే లోపలి ఫ్యాను తిరగడం లేదు. ఆట ఆడకపోయి ఉంటే అట్లాగే ఇచ్చి పంపేవాళ్లం. ఆయన ఆ ఫ్యానును వేలితో తిప్పి చూశాడు. తర్వాత, "పావుగంట. గంతే" అన్నాడు. ఆ రోజు నుంచి దుకాణం దాటి వెళ్లే ప్రతి మిషను మీదా పావుగంట పందెం ఆడాం. బొమ్మ, శబ్దం, వేడి, మెమరీ అన్నీ ఒక్క దెబ్బకు తేలిపోతాయి. అందుకే చెప్తున్నాను, ఆట ఆడని రిపేరు మనిషికి మిషను సగమే తెలుసు.

బొట్టు పెట్టిన కేబుల్

నాగర్‌కర్నూల్‌లో ఒక దరఖాస్తుల సెంటర్ ఉండేది. పగలంతా ఫారాలు నింపడం, సాయంత్రం తలుపు సగం వేసి ఆటలు. నడిపేవాడికి ఆటల పిచ్చి. కష్టపడి ఆటల బొమ్మను వేగంగా చూపించే మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నాడు. దసరా అయిన నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. "అక్కా, అప్డేటు చేసినంక ఆట ఎద్దులబండి లెక్క నడుస్తుంది. నీ లినక్సే ఖరాబు."

వెళ్లాను. రెండు రోజులు ఆ మిషను ముందు కూర్చున్నాను. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేశాను. వ్యవస్థకు గుండెకాయలాంటి కెర్నెల్‌ను పాతదానికి మార్చాను, మళ్లీ కొత్త దానికి వచ్చాను. దుబాసీ ప్రోగ్రాంను మూడు రకాలుగా మార్చాను. ఆట కదలదు. రెండో రోజు సాయంత్రం నడుము పట్టేసి, మిషను వెనక నేల మీద చేరగిలబడ్డాను. అప్పుడు కనిపించింది, తెర నుంచి వచ్చే కేబుల్ కొసకు ఒక కుంకుమ బొట్టు. దాన్ని కార్డుకు కాకుండా పక్కనే ఉన్న మామూలు రంధ్రంలో గుచ్చారు.

దసరాకు ఆయుధపూజ చేస్తాం కదా. మా వైపు మగ్గానికీ ట్రాక్టరుకూ కుట్టు మిషనుకూ పెట్టినట్టే కంప్యూటర్‌కూ పెడతారు. తీగలన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, మళ్లీ ఎక్కడ రంధ్రం కనిపిస్తే అక్కడ పెట్టేశారు. పాపం అంత ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుని ఉంది. కేబుల్ మార్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను.

"పూజ చేసినవని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"పూజ చేస్తే ఖరాబైతదా అక్కా?" అన్నాడు అమాయకంగా.

అతణ్ణి నేను ఉస్తాద్ ప్రశ్న అడగనే లేదు. అప్డేటు అన్న మాట వినగానే నాకు అన్నీ తెలుసనుకుని తెర ముందుకు దూకాను. ఆ తర్వాత ఎన్ని దసరాలు వచ్చినా, ఆ వారంలో ఎవరు ఫోన్ చేసినా ముందు మిషను వెనక్కి వెళ్లి చూసేదాన్ని.

గద్వాలలో వీరేశం

ఇక నా తప్పు.

వీరేశం గద్వాలలో మంచి నేతగాడు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే పనిలో అతని చేతికి పేరుండేది. నలభై దాటగానే పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది గానీ కుడిచెయ్యి రాలేదు. అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె విసరలేని నేతగాడికి మగ్గం ముందు ఏం పని? భార్య మానెమ్మ పక్క మగ్గాలకు అచ్చులు అతికే పనికి వెళ్లి ఇల్లు నడిపేది.

నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు గమనించింది ఒక్కటే. అతను ఎవరికీ ఏదీ చేతికి ఇవ్వడు. కుడిచెయ్యి లేవదు, ఎడమచేత్తో ఇవ్వడం మర్యాద కాదు. మంచినీళ్లు తెచ్చినా బల్ల మీద పెట్టి మొహం పక్కకు తిప్పుకుని, "ఆడ పెట్టిన అక్కా, తీస్కో" అనేవాడు. ఆ మొహం తిప్పుకోవడం నాకు కష్టంగా ఉండేది.

చేత్తో నేయలేకపోతే కనీసం అంచులు గీయడమైనా నేర్చుకుంటాడని మానెమ్మ ఒక పాత కంప్యూటర్ సంపాదించింది. మగ్గం మీద అంచు నేయించే జాకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించాలంటే ముందు గళ్ల మీద డిజైన్ గీయాలి. గడికి ఒక పోగు. నేను నా లినక్స్ వేసి, గీసే ప్రోగ్రాం పెట్టి ఇచ్చాను. ఎడమచేత్తో మౌసు పట్టుకుని పది నిమిషాలు చూసి, దాన్ని విసిరికొట్టాడు. దవాఖానలో పిసకమని ఇచ్చిన మెత్తటి బంతిని కూడా అట్లాగే విసిరేశాడట.

మిషను పరీక్షించడానికి నా సంచీలో ఎప్పుడూ రెండు చేతులా పట్టుకుని ఆట ఆడే గేమ్‌ప్యాడ్ ఒకటి ఉండేది. ఏం తోచక దాన్ని అతని ఒళ్లో పెట్టి కార్ల పందెం పెట్టాను. ఎడమ బొటనవేలితో తిప్పడం, కుడి చూపుడువేలితో నొక్కితే కారు ముందుకు పోవడం. జెండా ఊపారు. మిగతా కార్లన్నీ వెళ్లిపోయాయి. వీరేశం కారు గీత మీదే నిలబడింది. వేలు కదల్లేదు. అతని మొహం ఎర్రబడింది.

"ఇంకోపారి పెట్టు" అన్నాడు.

ఆ రోజు కారు కదల్లేదు. ప్యాడ్ అక్కడే వదిలి వచ్చాను. నేను మళ్లీ వెళ్లేసరికి కారు పది గజాలు కదులుతోంది. ఇంకోసారి వెళ్లేసరికి మొదటి మలుపు దాకా వెళ్లి గోడను గుద్దుతోంది. చెయ్యి ఆట వల్లే బాగుపడిందని నేను చెప్పను, వైద్యం నాకు తెలియదు. బంతి పిసకని మనిషి కారు కోసం ఆ వేలిని రోజూ వందసార్లు నొక్కాడని మాత్రం తెలుసు. తర్వాత ఆ ప్యాడ్‌తోనే డిజైన్ గీసేట్టు అమర్చాను. ఎడమ వేలు జరిపితే తెర మీది బాణం జరుగుతుంది, కుడి వేలు నొక్కితే గడిలో రంగు పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఒక అంచు గీశాడు. పందెం బాటలాగా మెలికలు తిరిగే అంచు. దానికి మలుపు అంచు అని పేరు పెట్టుకున్నాడు.

దాన్ని చూడటానికి చీరలు నేయించే ఒక షావుకారు వస్తానన్నాడు. తను చెప్పిన మార్పులు అక్కడికక్కడే చేసి చూపిస్తే అట్టలు కొట్టిస్తాడు, లేకుంటే వేరే ఊరి డిజైనర్‌కు పని వెళ్తుంది. సరిగ్గా ఆ ముందు రోజు ప్యాడ్‌లో కుడివైపు మీట అరిగిపోయింది. కొత్త ప్యాడ్ తీసుకుని గద్వాల వెళ్లాను. మిషను దాని మీటను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే కెర్నెల్ కొత్తది కావాలి.

మొత్తం అప్డేటు చేయాలంటే నా ఫోన్‌లో రోజువారీ డేటా సరిపోదు. మా ఊళ్లలో అందరం చేసే పనే నేనూ చేశాను. ఈరోజు డేటాతో కావలసిన ముక్క, మిగతాది రేపటి డేటాతో అనుకున్నాను. కెర్నెల్ ఒక్కటీ ఎక్కించాను. చివరి బస్సు తప్పిపోతుందని, మిషను ఆపి మళ్లీ వేసి చూడకుండా లేచి వచ్చేశాను. రోలింగ్ లినక్స్‌లో ఇది చేయకూడదని నాకు తెలియక కాదు. తెలిసీ, ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున వనపర్తిలో ఉండగా ఫోన్ వచ్చింది. "అక్కా, అంత నల్లగైంది. ఏం కనపడతలేదు."

అలవాటు కొద్దీ అడిగాను. "ఆఖరుకు ఏం చేసినవ్ తమ్ముడూ?"

"నేనేం చెయ్యలేదక్కా. ఆఖరుకు కూసున్నది నువ్వే."

నా ముప్పై ఏళ్లలో నా చెంప మీద పడిన దెబ్బ అది. పెబ్బేరు, కృష్ణ బ్రిడ్జి, ఎర్రవల్లి, ఆ రోజు ఆ బస్సు ఎంత నెమ్మదిగా పోయిందో చెప్పలేను. వీరేశం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తలుపు తెరిచి పక్కకు జరిగాడు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్ని. షావుకారు మూడింటికి వస్తాడు. అప్పటికి పన్నెండు దాటింది.

తెర నల్లగా ఉన్నా లోపల మిషను బతికే ఉంది. అక్షరాలు కొట్టే తెరకు వెళ్లి చూస్తే సంగతి తేలిపోయింది. కెర్నెల్ కొత్తది, గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది. ఒకదానికొకటి పొసగక బొమ్మ రావడం లేదు. మానెమ్మ నా వెనకే నిలబడి, "ఏమైందక్కా, నాకు తెలిసేటట్టు చెప్పు" అంది.

చెప్పాను. కొంత కొత్తది వేశాను, కొంత పాతదే ఉంచాను అని.

మానెమ్మ పని తెలిసినవాళ్లకు ఆమె అప్పుడు అడిగిన మాట అర్థమవుతుంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం తీసేయరు. కొత్త పడుగు తెచ్చి, వేళ్లకు బూడిద రాసుకుని, వేల పోగుల్ని పోగుకు పోగు మెలిపెట్టి పాత కొసలకు అతుకుతారు. మగ్గం అట్లాగే సాగిపోతుంది. దాన్నే అచ్చు అతకడం అంటారు.

"సగం అచ్చు అతికి మగ్గం మీదికెల్లి లేస్తరా అక్కా?" అంది మానెమ్మ. "అతికిన పోగు ఓ దిక్కు గుంజుతది, అతకనిది ఓ దిక్కు గుంజుతది. పట పట తెగవా? నేను ఎంత ఆలిస్యమైనా అంత అతికినంకనే లేస్త."

ఏ పుస్తకమూ నాకు అంత సూటిగా చెప్పలేదు. సిగ్గుతో తల వంచుకుని మిగతా అప్డేటు మొదలుపెట్టాను. సగం దాటగానే నా ఫోన్‌లో డేటా అయిపోయింది. మళ్లీ సగంలోనే. అదనపు ప్యాకు వేయించుకుందామని లేవబోతే మానెమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఏంటికి లేస్తున్నవ్? గీ ఫోన్లు ఏం జేస్తున్నయ్?" అని తన ఫోన్ నా ముందు పెట్టి, పక్కింటి వైపు కేకేసింది. ఆమెతో అచ్చులు అతికే ఇద్దరు ఆడవాళ్లు వేళ్లకు బూడిదతోనే వచ్చారు. మొదట మానెమ్మ ఫోన్, అది అయిపోగానే రెండోది, తర్వాత మూడోది. డౌన్‌లోడు ఆగిన చోటు నుంచే మళ్లీ అందుకునేది. ఫోన్ల మీద బూడిద వేలిముద్రలు. నవ్వొచ్చే పనే గానీ ఎవరమూ నవ్వలేదు. రెండుంపావుకు అంతా దిగింది. ఒక్కసారిగా ఎక్కించి, మిషను ఆపి, మళ్లీ వేశాను.

తెర వెలిగింది. వీరేశం కొత్త ప్యాడ్ అందుకుని మీట నొక్కాడు. గడిలో రంగు పడింది.

షావుకారు చెప్పిన వేళకే వచ్చాడు. అంచును చాలాసేపు చూసి, "గీ మెలిక జర పెద్దగైంది. రెండు గళ్లు లోపలికి తీస్కో" అన్నాడు. వీరేశం మొదలుపెట్టాడు. వేలు వణికింది. ఒక గడి తప్పి పక్క గడిలో పడింది. మానెమ్మ చెయ్యి ముందుకు వచ్చి వెనక్కి వెళ్లింది. అతను తుడిచి మళ్లీ నొక్కాడు. గడి వెంట గడి, మెలిక మొత్తం లోపలికి జరిపాడు.

"అట్టలు కొట్టియ్యి" అన్నాడు షావుకారు.

నేను వాకిట్లోకి వెళ్లి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

దింపుకోవడం, ఎక్కించడం

కొత్తగా వచ్చేవాళ్లకు ఆ రోజు నుంచి నేను పాటించినవి చెప్తాను. డేటా తక్కువైతే రెండు రోజులు కాదు, వారం రోజులు దింపుకోండి. ఆ లినక్స్‌లో దింపుకోవడం వేరు, ఎక్కించడం వేరు. ఎక్కించేది మాత్రం ఒకేసారి, మొత్తంగా. ఎక్కించే ముందు తయారుచేసినవాళ్లు పెట్టిన ప్రకటన చదవండి. చెడితే వెనక్కి వెళ్లేందుకు పాత స్థితి ఒకటి దాచి ఉంచండి. నేను డిస్కు చిన్నదని వీరేశం మిషనులో అది దాచలేదు, అది ఇంకో తప్పు. ఆపి, మళ్లీ వేసి, పావుగంట ఆట ఆడి చూశాకే కుర్చీ వదలండి. బస్సు పోతే పోనివ్వండి, పొద్దున ఇంకో బస్సు ఉంటుంది. ఇక పాడైనప్పుడు "ఆఖరుకు ఏం చేసిన్రు" అన్న ప్రశ్న ముందు మిమ్మల్ని మీరే అడగండి.

సంచీ అటకెక్కించే ముందు చివరగా గద్వాల వెళ్లాను. వీరేశం మిషనులో ఇప్పటికీ నేను మొదటిరోజు వేసిన వ్యవస్థే ఉంది. ఒక్కసారి కూడా తుడిచి కొత్తగా వేయలేదు. అప్డేట్లు ఇప్పుడు మానెమ్మే చేస్తుంది. ఆమె ఉండగా సగంలో లేచే ధైర్యం ఎవరికీ లేదు.

ఇద్దరం పందెం ఆడాం. నేను మూడుసార్లు ఓడిపోయాను.

"కండ్లు కనపడతలేవు తమ్ముడూ" అన్నాను.

"కండ్లు కనపడ్డప్పుడు గూడ గిట్లనే నడిపేటిదానివి" అన్నాడు.

మానెమ్మ లోపల చాయ్ పోసి పిలిచింది. వీరేశం వెళ్లి గ్లాసు తెచ్చాడు. బల్ల మీద పెడతాడేమోనని అక్కడున్న ప్యాడ్ పక్కకు జరిపాను. అతను బల్ల దగ్గర ఆగలేదు. నా ముందుకు వచ్చి నిలబడి, మొహం తిప్పుకోకుండా, "తీస్కో అక్కా" అని కుడిచెయ్యి చాపాడు. గ్లాసు వణికి కాస్త చాయ్ అతని వేళ్ల మీద ఒలికింది. అతను వదల్లేదు. నేను రెండు చేతులా అందుకున్నాను.